సీతమ్మ గారి వంటింటి లెక్కలు

డొక్కా సీతమ్మ గారి గురించి ఏ వ్యాసం చదివినా, ఏ ఉపన్యాసం విన్నా, రెండో వాక్యం పూర్తి కాకముందే ఆవిడ దేవత అయిపోతారు. అపర అన్నపూర్ణ, నిరతాన్నదాత్రి, కలియుగంలో దిగివచ్చిన తల్లి. ఆ బిరుదులు ఇచ్చినవాళ్ల భక్తిని శంకించడం లేదు. నేనూ కోనసీమలో పుట్టినదాన్నే, ఆవిడ పేరు వినగానే చేతులు జోడించే ఇంట్లో పెరిగినదాన్నే. అయినా ఆ బిరుదులతో నాకు పేచీ ఉంది. దేవతకు బియ్యం ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరూ అడగరు. దేవతకు నడుం లాగదు. కట్టెల పొగకు కళ్లు మండవు. మనిషిని ఒకసారి గర్భగుడిలో కూర్చోబెట్టేశాక ఆవిడ చేసిన పని గురించి మాట్లాడాల్సిన బాధ్యత మనకు తప్పిపోతుంది. దండం పెట్టుకుని వచ్చేస్తాం.

ముందు అందరికీ తెలిసిన సంగతులు. సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లకల్లా అన్నం పెడుతున్నాడని ఆయన్ని ఊళ్లో బువ్వన్న అనేవారు. అంటే ఈ అలవాటు ఆవిడకు పుట్టింటి నుంచే వచ్చింది. చిన్నప్పుడే తల్లి పోయింది కాబట్టి ఆ ఇంటి పొయ్యి కూడా చిన్నతనంలోనే చేతికి వచ్చి ఉంటుంది. లంకల గన్నవరంలో పొలం, పాండిత్యం రెండూ ఉన్న డొక్కా జోగన్న గారితో పెళ్లయింది. 1909లో కన్నుమూశారు. ఈ మధ్యలో దాదాపు అర్ధశతాబ్దం పాటు, వేళ కాని వేళలో తలుపు తట్టినా, కులం అడగకుండా అన్నం పెట్టారు.

లంకల గన్నవరం ఎక్కడుందో తెలియకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. గోదావరి సముద్రంలో కలిసే ముందు గౌతమి, వసిష్ఠ, వైనతేయ అంటూ పాయలు చీలుతుంది. కోనసీమ అంటే ఆ పాయల మధ్య నేల. ఇప్పుడు వంతెనల మీద కారులో జారిపోతున్నాం గానీ, అప్పట్లో ఏ ఊరికి పోవాలన్నా ఏదో ఒక రేవు దాటాలి. పడవ తప్పిపోతే, గాలివాన పట్టుకుంటే, ఒడ్డున చిక్కుకోవడమే. వైనతేయ ఒడ్డున ఉన్న గన్నవరం అలా చిక్కుకున్నవాళ్ల ఊరు. పెళ్లివాళ్లు, రోగులు, కోర్టు పనుల మీద పోయేవాళ్లు, పుట్టింటికి బయలుదేరిన బాలింతలు, అందరూ ఆకలితో అక్కడ ఆగేవారు. సీతమ్మ గారి ఇల్లు ఆ దారిలో ఉంది. వెతుక్కుంటూ వెళ్లి చేసిన దానం కాదిది. గుమ్మంలోకి వచ్చి నిలబడిన ఆకలికి ఆవిడ ఇచ్చిన జవాబు.

ఇక బియ్యం సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కొద్దిగా అటూ ఇటూగా అదే కాలంలో గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువ నీళ్లు దాటించే అక్విడక్టు కట్టారు. 49 కమానులు దానికి. కట్టించింది కాటన్ దొర కింద పనిచేసిన హేగ్ అనే ఇంజనీరు. దాంతో పాయకు అవతల ఉన్న నగరం లంకకు కూడా సాగునీరు వెళ్లింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1832-33 నందన కరువులో ఈ తెలుగు కోస్తా ఎముకల గూడు అయిపోయింది. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని మహా కరువు కబళించినప్పుడు మాత్రం గోదావరి, కృష్ణా డెల్టాలు గట్టెక్కాయి. సీతమ్మ గారి కాపురమంతా ఈ మార్పు మధ్య గడిచింది. ఆవిడ గాదెలో ధాన్యం వెనక జోగన్న గారి పొలం ఉంది, పొలం వెనక కాలువ ఉంది, కాలువ వెనక మట్టి తవ్విన వేలమంది కూలీల చేతులున్నాయి. ఇది చెప్తే ఆవిడ గొప్పతనం తగ్గదు. అదే నీరు, అంత పొలం ఉన్న కుటుంబాలు డెల్టాలో వందల కొద్దీ ఉన్నాయి. అన్ని ఇళ్ల తలుపులూ అర్ధరాత్రి తెరుచుకోలేదు.

చిత్రం ఏమిటంటే, కాటన్ దొర గురించి మాట్లాడేటప్పుడు మా వాళ్లకు అంకెలన్నీ నోటికి వస్తాయి. ఆనకట్ట పొడవెంత, ఎన్నేళ్లు పట్టింది, ఎంత ఖర్చయింది, ఎన్ని ఎకరాలు తడిసింది. ఆయన్నీ భగీరథుడన్నారు, కానీ లెక్కలు మాయం చేయలేదు. సీతమ్మ గారి దగ్గరకు వచ్చేసరికి పుట్లు, కుంచాలు, కట్టెల మోపులు అన్నీ పోయి ‘చేతి మహిమ’ ఒక్కటే మిగిలింది. మగవాడు చేస్తే ఇంజనీరింగ్, ఆడమనిషి చేస్తే మహిమ.

వంద మందికి వండటం అంటే ఏమిటో కాస్త లెక్క వేద్దాం. మనిషికి సోలెడు బియ్యం చొప్పున అనుకున్నా, కుంచానికి పదహారు సోలలు కాబట్టి, ఆరు కుంచాలు దాటుతుంది. రైసు మిల్లులు లేని రోజులవి. ఆ బియ్యం రోట్లో దంచాలి, చెరగాలి, జల్లించాలి. దంపుళ్లకు ఆడవాళ్లు రావాలి, వాళ్లకు కూలి కొలవాలి. వాన పడుతుంటే కట్టెలు ఎండవు కాబట్టి ఎండాకాలంలోనే చీల్చి అటక మీద పేర్చుకోవాలి. ఆవకాయ ఏడాదికి సరిపడా జాడీల్లో ఉండాలి. పాడి ఉండాలి, పాడికి మేత ఉండాలి. విస్తళ్లు కుట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గుండిగలు తోమేవాళ్లు, ఎంగిలాకులు ఎత్తేవాళ్లు ఉండాలి. అందరికన్నా కష్టమైన సంగతి, ఎంతమంది వస్తారో పొద్దున్న తెలియదు. పెళ్లి వంట సులభం, లగ్నం ముందే తెలుస్తుంది. రేవు దగ్గర ఇంటికి లగ్నం లేదు. రాత్రి పది మందికి వండి, మిగిలిన పిండి, పప్పు, నిప్పు చూసుకుని, ఇంకో నలభై మంది వస్తే ఎంతసేపట్లో విస్తరి వేయగలనో తెలిసిన మనిషి మాత్రమే ఆ ఇల్లు నడపగలదు. సరఫరా, నిల్వ, మనుషుల పని పంపకం, ఖర్చు ఇవన్నీ ఒక తలలో ఉండాలి. ఇవాళ ఈ పని చేసేవాళ్లకు పెద్ద పెద్ద హోదాలు, పెద్ద పెద్ద జీతాలు. సీతమ్మ గారు దాన్ని అక్షరాల్లో పెట్టలేదు కాబట్టి మనం దాన్ని తెలివి అనడం మానేసి కరుణ అనేశాం. కరుణ ఉంది, కాదనను. కరుణ ఒక్కటే ఉంటే మూడో నెలలో గాదె ఖాళీ అవుతుంది.

నిజానికి ఈ లెక్క తేలడం లేదని కథలు చెప్పినవాళ్లకూ అనుమానం వచ్చినట్టుంది. ఆస్తి కరిగిపోతున్న రోజుల్లో జోగన్న గారికి పొలంలో గునపానికి తగిలి బంగారు నాణేల బిందె దొరికిందని ఒక కథ ఉంది. నాకు చాలా ఇష్టమైన కథ. ఎందుకంటే ఆ ఒక్కచోట చెప్పేవాడు నోరుజారి అసలు ప్రశ్న బయటపెట్టాడు: ఇంత అన్నానికి డబ్బు ఎక్కడిది? జవాబు తెలియక లంకెబిందెలు తవ్వించాడు. పొలాలు అమ్ముకుని ఉంటారనో, అప్పులు చేసి ఉంటారనో, వంటింట్లో నెయ్యి వాడకం తగ్గించి ఉంటారనో అనడానికి మనసొప్పలేదు. మహిమ గల ఇంట్లో అప్పు ఉండకూడదు మరి.

జోగన్న గారి గురించి ఒక పక్కమాట. గృహస్థు చేయాల్సిన అయిదు యజ్ఞాల్లో అతిథికి అన్నం పెట్టడం ఒకటని శాస్త్రం. యజమాని ఆయన, వండేది ఆవిడ, పుణ్యం ముందు ఆయన ఖాతాలో పడుతుంది. మన చరిత్రలో భార్య కష్టం భర్త పేరున నిలిచిన ఇళ్లు లెక్కలేనన్ని. ఇక్కడ తిరగబడింది. పొలం ఆయనది, పాండిత్యం ఆయనది, పేరు మాత్రం ఆవిడకు నిలిచింది. ఆయన అడ్డుపడలేదన్నది చిన్న సంగతి కాదు. ఆ రోజుల్లో భార్య మాట మీద ఇంటి ధాన్యం బయటికి పోనిచ్చిన మగవాణ్ని ఊరు ఏమనుకుని ఉంటుందో ఊహించండి.

అంతర్వేది కథ అందరూ చెప్తారు. నరసింహస్వామి దర్శనం చేసుకోవాలని సీతమ్మ గారికి ఎప్పటి నుంచో కోరిక. వంటిల్లు వదిలే వీలు చిక్కదు. చివరికి ఒకనాడు పల్లకీలో బయలుదేరారు. దారిలో ఎవరో పిల్లాపాపలతో ఎదురుపడ్డారు, పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు ‘ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మ గారు అన్నం పెడతారు’ అని ఓదారుస్తున్నారు. ఆ మాట చెవిన పడింది. ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించారు.

దీన్ని ఉపన్యాసాల్లో ‘మానవ సేవే మాధవ సేవ’ అన్న సామెతతో ముగిస్తారు, జనం చప్పట్లు కొడతారు. నాకు ఆ చప్పట్ల మధ్య వేరే సంగతి వినపడుతుంది. జీవితంలో ఒక్క దర్శనం కోరుకున్న మనిషి, కోనసీమ దాటని దూరంలో ఉన్న గుడికి వెళ్లలేకపోయింది. ఆ ఒక్క పూట ఇంట్లో ఇంకెవరూ పొయ్యి రాజేయలేరా? ఆవిడ లేకపోతే ఆ ఇల్లు నడవదన్నమాట. ఏ మనిషికైనా అది గౌరవమూ, సంకెలా కూడా.

అయితే ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. ఆవిడను బాధితురాలిని చేయడం కూడా దేవతను చేయడం లాంటిదే, రెండింట్లోనూ మనిషి ఇష్టం మాయమవుతుంది. పల్లకీ తిప్పమన్నది ఆవిడే. ఎవరూ బలవంతం చేయలేదు. ఆవిడ భక్తి ఎటువంటిదో ఆవిడకు తెలుసు, స్వామి ఎక్కడ ఉంటాడో ఆవిడే తేల్చుకున్నారు. ఆ నిర్ణయానికి నేను నమస్కరిస్తాను. ఆ నిర్ణయం ఆవిడ కోడళ్ల మీద, మనవరాళ్ల మీద, ఊళ్లో ప్రతి ఆడపిల్ల మీద కొలబద్దగా పెట్టేవాళ్లకు మాత్రం నమస్కరించను.

మా అమ్మమ్మ సీతమ్మ గారంతటి మనిషి కాదు గానీ, ఆ అచ్చులోంచి వచ్చినదే. పంటకాలువ పక్కన ఇల్లు, ఎప్పుడూ పదిమంది. ఆవిడ పోయిన పదకొండో రోజున ఒక పెద్దాయన లేచి, ‘మహాతల్లి, ఎంతమంది వచ్చినా ఏనాడూ విసుక్కోలేదు’ అన్నాడు. అందరూ తలలూపారు. పక్కన కూర్చున్న మా పెద్దత్తయ్య నా చెవిలో, ‘విసుక్కోకపోవడం ఏంటే, బాగా విసుక్కునేది. మీ తాతయ్యకు వినపడకుండా మా మీద విసుక్కునేది’ అంది. అమ్మమ్మ గురించి ఆ రోజు విన్న మాటల్లో నాకు నిజంగా నచ్చింది అదొక్కటే. విసుగు వచ్చినా వండింది. విసుగే రాని మనిషి వండితే అందులో గొప్పేముంది?

ఇంకో ప్రసిద్ధమైన కథ ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తిది. పట్టాభిషేకానికి ఆవిడను పిలిచారనీ, రానంటే ఫొటో తీయించి తెప్పించుకుని, సభలో కుర్చీలో పెట్టి గౌరవించారనీ చెప్తారు. లండన్‌లో ఆ పట్టాభిషేకం 1902 ఆగస్టులో జరిగింది. ఢిల్లీ దర్బారు 1903 జనవరి 1న జరిగింది, దానికి చక్రవర్తి రానే లేదు, తమ్ముణ్ని పంపాడు. కథ చెప్పేవాళ్లు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. కలిపితే కలిపారు, నా అభ్యంతరం తేదీల మీద కాదు. రేవు దాటిన వేలమంది తిన్న అన్నం చాలలేదు మనకు, దొరగారి కుర్చీ కావాల్సి వచ్చింది సాక్ష్యానికి. ఫొటోకు కూర్చోవడానికి ఆవిడ ఇష్టపడలేదనీ, పేరు కోసం చేయడం లేదన్నారనీ కూడా ఇదే కథలో ఉంది. ఆ ముక్క చెప్పి, వెంటనే కుర్చీ దగ్గరకు పరిగెత్తుతాం.

సీతమ్మ గారు గన్నవరంలో వండుతున్న కాలంలోనే రాజమహేంద్రవరంలో ఇంకో ఆడమనిషి వండుతోంది. కందుకూరి వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించాక ఊరు వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆవిడే గోదావరికి వెళ్లి నీళ్లు తెచ్చి, ఆ పెళ్లిళ్లకు వచ్చినవాళ్లందరికీ వండిపెట్టారు. 1910లో పోయారు, సీతమ్మ గారు పోయిన మరుసటి ఏడే. ఒకే జిల్లా, ఒకే గోదావరి నీరు, ఇద్దరి చేతిలోనూ అన్నం గరిటే. ఒకావిడను దేవత అన్నాం, ఇంకొకావిడను ‘సంస్కర్త భార్య’ అన్నాం. రాజ్యలక్ష్మమ్మ గారి బిందె లేకపోతే ఆ పెళ్లిళ్లలో పప్పన్నం లేదు. సంఘ సంస్కరణ చరిత్రలో వంట ఒక అధ్యాయం కావాలి, అధస్సూచిక కాదు.

తరిగొండ వెంగమాంబ గారి సంగతి ఇంకా విచిత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో వితంతువై, ఊరి ఆంక్షలు తోసిరాజని, తిరుమలలో స్థిరపడి ‘వెంకటాచల మాహాత్మ్యం’ లాంటి కావ్యాలు, యక్షగానాలు రాసిన కవయిత్రి. యాత్రికులకు అన్నం కూడా పెట్టించారు. ఇవాళ కొండమీదికి వెళ్లే జనంలో నూటికి తొంభై మందికి ఆవిడ పేరు భోజనశాల పేరుగానే తెలుసు. ఆ భోజనశాల గొప్పది, నేనూ అక్కడ తృప్తిగా తిన్నాను. ఒక ఆడమనిషి ఎన్ని పనులు చేసినా, మన జ్ఞాపకం ఆవిడను చివరికి వంటింట్లోకే తీసుకెళ్లి కూర్చోబెడుతుంది. అక్కడైనా ఆ వంటను పనిగా లెక్కపెడతామా అంటే అదీ లేదు.

2000లో గన్నవరం దగ్గర కొత్త అక్విడక్టు కట్టి దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. నాకు తెలిసి ఇది ఆవిడకు దక్కిన అత్యంత తగిన గౌరవం, పెట్టినవాళ్లు అంత ఆలోచించారో లేదో గానీ. నీటిని ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు చేర్చే కట్టడం. పక్కనే పాత కమానులు నిలబడి ఉన్నాయి. ఆవిడను ఇంజనీర్ల పక్కన నిలబెట్టారు, అది చాలు.

2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’ అని పేరు మార్చింది. పిల్లలకు అన్నం పెట్టే పథకానికి ఇంతకన్నా మంచి పేరు దొరకదు. కానీ పేరు పెట్టడమంటే బాధ్యత నెత్తికెత్తుకోవడం. ఆ బడుల్లో పొద్దున్నే వచ్చి వండేది ఎవరు? ఎక్కువగా పేద ఇళ్ల ఆడవాళ్లు, చాలాచోట్ల ఒంటరి ఆడవాళ్లు. కేంద్రం నిబంధన ప్రకారం 25 మంది పిల్లల దాకా ఒక వంటమనిషి, వంద మంది దాకా ఇద్దరు. వంద మందికి వండటం అంటే ఏమిటో పైన లెక్క వేశాం కదా, దంపుళ్లు తీసేసి మళ్లీ వేసుకోండి. ఆ పనికి కేంద్రం 2009లో నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 1000 రూపాయలు, అదీ ఏడాదిలో పది నెలలకే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో దాన్ని 3000 చేశారు. రోజుకు వంద రూపాయలు. కూరగాయలకు, సరుకులకు చేతి డబ్బు పెట్టి, బిల్లుల కోసం ఎదురుచూస్తూ ధర్నాలు చేసేదీ వాళ్లే.

ఈ మాట అన్నప్పుడల్లా మా బంధువుల్లో ఎవరో ఒకరు, ‘అన్నం పెట్టే పనికి వెల కడతామా అమ్మా, సీతమ్మ గారు జీతం తీసుకున్నారా?’ అంటారు. తీసుకోలేదు. ఆవిడకు గాదె ఉంది. పొలం ఉంది. తన ధాన్యం తన ఇష్టప్రకారం పంచారు, పంచాక ఇంట్లో అందరూ తిన్నారు. దాన్ని దానం అంటాం. బడిలో వండే ఆవిడకు గాదె లేదు. ఆవిడ దగ్గర ఉన్నది ఒంట్లో సత్తువ, దాన్ని అమ్మి ఇంటికి బియ్యం తెచ్చుకోవాలి. ఆ సత్తువను రోజుకు వందకు కొని, దానికి సీతమ్మ గారి పేరు తగిలించి, సేవ చేయమంటున్నాం. ఇక్కడ దానం చేస్తున్నది ఎవరికి ఎవరు? రోజు కూలి 400 ఉన్న ఊళ్లో 100కి వండిపెడుతుంటే, మిగిలిన 300 రోజూ ప్రభుత్వానికి ఆవిడే దానం చేస్తోంది. పుణ్యం ఆవిడకు వద్దు, ఆ 300 ఇప్పించండి.